రెడ్ టేప్: దస్త్రాన్ని కట్టిన పట్టీ, పాలనకు తగిలిన నింద

ఇంగ్లీషులో పుట్టి తెలుగు వార్తాపత్రికల్లోనూ శాసనసభ చర్చల్లోనూ కలెక్టరేట్ల వరండాల్లోనూ అనువాదం అక్కర లేకుండా చెలామణి అవుతున్న పదబంధాల్లో ‘రెడ్ టేప్’ ఒకటి. అర్జీ మీద సంతకం పడడానికి నెలలు పట్టినప్పుడు, ఒక కాగితం కోసం వెళ్తే మరో నాలుగు కాగితాలు తెమ్మన్నప్పుడు, నిబంధన పేరుతో న్యాయమైన పని నిలిచిపోయినప్పుడు వినవచ్చే మాట ఇది. సంపాదకీయాల్లో అది ‘రెడ్ టేపిజం’గా కనిపిస్తుంది; ఆ చివరి ‘ఇజం’ కూడా తెలుగువారు తగిలించినది కాదు, పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులోనే ఆ రూపం స్థిరపడింది. పని కన్నా పద్ధతికి, ఫలితం కన్నా లాంఛనానికి పెద్దపీట వేసే కార్యాలయ ధోరణి అన్నది దాని అర్థం. అయితే ఈ మాట వెనుక నిజంగానే ఒక టేపు ఉంది, అది నిజంగానే ఎర్రనిది, దాన్ని నేసిన మిల్లులూ దానికి రంగునిచ్చిన పువ్వూ దానితో కట్టిన దస్త్రాలూ చరిత్రలో గుర్తుపట్టదగినవే. తిట్టుగా మారకముందు ఆ పట్టీ ఒక భరోసా అన్న సంగతి మాత్రం మరుగున పడిపోయింది. రెడ్ టేప్‌ను తెంచిపారేస్తామని దేశదేశాల ప్రభుత్వాలు పోటీపడి ప్రకటిస్తున్న కాలంలో, మరుగున పడిన ఆ సగాన్ని బయటికి తీయడం చాలా అవసరం.

ఎర్రని పట్టీ, కుసుమ పువ్వు

ఇంగ్లీషులో టేపు అంటే మొదట అంటించుకునే జిగురు పట్టీ కాదు, కొలత పట్టీ కూడా కాదు. మంచాలకు అల్లే నవారును బాగా సన్నగా, పలుచగా నేస్తే ఎలా ఉంటుందో అలాంటి నేత పట్టీ. కాగితాలను గుచ్చే గుండుసూదులూ క్లిప్పులూ అట్ట ఫైళ్లూ వాడుకలోకి రాకముందు, ఒక వ్యవహారానికి సంబంధించిన పత్రాలన్నింటినీ నిలువుగా మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఈ పట్టీతో చుట్టి ముడివేసేవారు. తాడు కాగితం అంచులను కోస్తుంది, పట్టీ కోయదు. లక్క ముద్ర వేయాలన్నా తాడు కన్నా పట్టీయే అనుకూలం. లండన్ న్యాయవాదుల వద్ద ఈ అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. బారిస్టరుకు అందే వ్యాజ్యపు కాగితాల కట్టకు గులాబి ఛాయ గల పట్టీ, ప్రాసిక్యూషన్ తరఫు కాగితాలకు తెల్లని పట్టీ చుట్టడం అక్కడి ఆచారం.

గులాబి ఛాయలో ఉన్నదాన్ని ఎరుపు అని ఎందుకు అన్నారన్న ప్రశ్నకు రంగుల చరిత్రలో ఆసక్తికరమైన సమాధానం దొరుకుతుంది. కృత్రిమ రంగులు రాకముందు ఈ పట్టీలకు వాడిన ఎరుపు కుసుమ పువ్వు నుంచి వచ్చిందని అద్దకపు చరిత్రకారులు నమోదు చేశారు. కుసుమ రేకుల్లో రెండు వర్ణకాలు ఉంటాయి: ఒకటి నీటిలో తేలికగా కరిగే పసుపు, మరొకటి నీటిలో కరగని ఎరుపు. రేకులను మళ్లీ మళ్లీ కడిగి పసుపును వదిలించి, మిగిలినదాన్ని క్షారంలో నానబెట్టి ఎరుపును రప్పించి, అందులో నిమ్మరసం వంటి పులుపు చేర్చితే ఆ ఎరుపు నూలును పట్టుకుంటుంది. నూలుకు రంగు పట్టించడానికి పటిక వంటి కట్టుడు పదార్థం అవసరం లేకపోవడం దీని గుణం, వెలుతురు తగిలితే త్వరగా వెలిసిపోవడం దీని దోషం. చీరకు ఆ దోషం పెద్దదే కానీ, చీకటి బీరువాలో పడి ఉండే దస్త్రపు పట్టీకి అది లెక్కలోకి రాదు. ఈ రంగు సరుకు ఢాకా ప్రాంతం నుంచి ఇంగ్లండుకు పెద్ద ఎత్తున ఎగుమతి అయ్యేది. తెలంగాణ పడమటి జిల్లాల నల్లరేగడి చేలల్లో యాసంగి పంటగా, నూనెగింజగా నేడు తెలుగు రైతు ఎరిగిన కుసుమ ఆ మొక్కే. బ్రిటిష్ పాలనకు అపకీర్తి తెచ్చిన ఎరుపులో భారతదేశపు పొలాలకు కూడా వాటా ఉందన్నమాట.

నేత విషయానికి వస్తే, ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో ఉన్న వర్క్స్‌వర్త్ అనే చిన్న పట్టణం ప్రభుత్వ కార్యాలయాలకు కావలసిన ఎర్ర టేపు నేతకు పేరుపొందింది. నూలు వడికే యంత్రాలతో పారిశ్రామిక విప్లవానికి నాంది పలికినవారిలో ఒకరైన రిచర్డ్ ఆర్క్‌రైట్ అక్కడ కట్టించిన హార్లెమ్ మిల్లు, చేతులు మారిన తరువాత, టేపు నేత మిల్లుగా స్థిరపడింది.

రాజుగారి అర్జీ

ఈ పదబంధపు పుట్టుక గురించి ఎక్కువగా ప్రచారంలో ఉన్న కథ ఎనిమిదో హెన్రీ విడాకులది. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ తన భార్య ఆరగాన్ కేథరిన్‌తో వివాహాన్ని రద్దు చేయవలసిందిగా కోరుతూ, 1530 జూలైలో పోప్ ఏడవ క్లెమెంట్‌కు రాజ్యంలోని ప్రభువుల చేత, మతాధికారుల చేత ఒక విన్నపం పంపించాడు. ఎనభైకి పైగా ముద్రలు ఎర్రని పట్టీలతో ఆ చర్మపత్రానికి వేలాడుతూ ఉంటాయి. ఇప్పటికీ అది వాటికన్ అభిలేఖాగారంలో భద్రంగా ఉంది. పోప్ అంగీకరించలేదు, చివరికి హెన్రీ 1534లో తానే ఇంగ్లండు చర్చికి అధిపతినని చట్టం చేయించుకున్నాడు. అదే కాలంలో స్పెయిన్‌ను ఏలిన అయిదో చార్లెస్ ముఖ్యమైన దస్త్రాలను ఎర్ర పట్టీతో కట్టించి మిగిలినవాటి నుంచి వేరు చేశాడని మరొక కథనం చెబుతుంది.

ఈ రెండు కథలూ వినసొంపుగా ఉన్నప్పటికీ, పదబంధం వీటి నుంచే పుట్టిందనడానికి ఆధారం బలహీనం. రోములో పెట్టెలో ఉండిపోయిన ఒక్క పత్రం లండన్ వీధుల్లో నానుడిని సృష్టించదు. నానుడికి రోజువారీ చూపు కావాలి, వేలమంది కళ్లముందు పదేపదే కనిపించే వస్తువు కావాలి. ఇంగ్లీషు నిఘంటుకారులు ‘ఎర్ర టేపు’కు చూపించే తొలి లిఖిత ప్రయోగాల్లో ఒకటి 1696 నాటిది, అదీ అమెరికాలోని మేరీలాండ్ వలసరాజ్యపు చట్టాలలో, ముద్ర వేసిన పటానికి చుట్టిన పట్టీ అన్న అచ్చమైన వాచ్యార్థంలో. నలభై ఏళ్ల తరువాత, 1736లో, లార్డ్ హెర్వీ రాసిన వ్యంగ్య పద్యంలో విల్మింగ్టన్ ప్రభువు అనే మంత్రి గంభీరమైన ముఖంతో, ఎర్ర టేపుతో రాజసభలో దర్శనమిస్తాడు. వస్తువు ఆ మంత్రి చేతిలోదే అయినా, పాఠకుడి దృష్టి అప్పటికే దస్త్రం నుంచి మనిషి మీదికి మళ్లింది: పట్టీ అంటే ఇక పట్టీ మాత్రమే కాదు, పట్టీని పెద్దరికంగా చూపించుకునే మనిషి స్వభావం. ఒక మాట జాతీయంగా మారే ఘడియను ఇంత దగ్గరగా చూపే ఆధారం దొరకడం అరుదు.

డికెన్స్ కోపం

పదబంధానికి నేటి కాఠిన్యాన్ని ఇచ్చింది పంతొమ్మిదో శతాబ్దపు మధ్యభాగం. రచయిత థామస్ కార్లైల్ 1850 నాటి తన కరపత్రాల్లో ప్రభుత్వ కార్యాలయాలను ఈ మాటతో దుయ్యబట్టాడు. కానీ దీన్ని ఇంటింటికీ చేర్చినవాడు నవలాకారుడు చార్లెస్ డికెన్స్. యువకుడిగా పార్లమెంటు విలేఖరిగా పనిచేసి, అంతకుముందు న్యాయవాది దగ్గర గుమాస్తాగిరి చేసి, అప్పు తీర్చలేక జైలుపాలైన తండ్రి కొడుకుగా చట్టపు కాగితాల బరువును బాల్యంలోనే ఎరిగినవాడు కనుక, ఆయన కోపంలో సొంత అనుభవపు వేడి ఉంది. ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ నవలలో బ్రిటన్ దేశమాత ఆఫీసు కలాలు గుచ్చుకుని, ఎర్ర టేపుతో కాళ్లూ చేతులూ కట్టివేయబడి కనిపిస్తుంది.

ఆయన 1850లో తన వారపత్రికలో ప్రచురించిన ఒక చిన్న కథ ఈ విషయంలో నవలల కన్నా సూటిగా ఉంటుంది. ఏళ్ల తరబడి శ్రమించి ఒక యంత్రాన్ని కనిపెట్టిన పేద పనివాడు దానికి పేటెంటు, అంటే ఆ ఆవిష్కరణ మీద కొంతకాలం తనకే హక్కు ఉంటుందని ప్రభుత్వం ఇచ్చే పత్రం, సంపాదించడానికి లండన్ వెళ్తాడు. అతని అర్జీ ముప్పైకి పైగా అంచెలు దాటవలసి వస్తుంది, రాణిగారి సంతకం దగ్గర నుంచి ముద్రకు లక్కను వేడిచేసే ఉద్యోగి సహాయకుడి దాకా ప్రతి అంచెలోనూ రుసుము చెల్లించవలసి వస్తుంది, ఆఖరికి ఇంగ్లండు ఒక్కదానికే 96 పౌండ్ల 7 షిల్లింగుల 8 పెన్నీలు ఖర్చవుతుంది. కథలోని పనివాడు విప్లవం మాట్లాడడు. మంచి పని చేసిన తనను నేరం చేసినవాడిలా ఎందుకు తిప్పుతున్నారని మాత్రమే అడుగుతాడు. కథ కల్పితమైనా కార్యాలయాల వరుస కల్పితం కాదు. 1852లో పార్లమెంటు పేటెంటు చట్టాన్ని సవరించి, అన్ని అంచెలనూ ఒకే కార్యాలయం కిందికి తెచ్చింది. ఆ సంస్కరణ ఒక్క కథ వల్ల రాలేదు, అందుకోసం ఆందోళన చాలాకాలంగా సాగుతూనే ఉంది; అయినా పాఠకుల సహనాన్ని హరించడంలో కథ పాత్ర తక్కువది కాదు. 1851 ఫిబ్రవరిలో ‘రెడ్ టేప్’ అన్న శీర్షికతోనే ఆయన రాసిన వ్యాసం కిటికీల పన్ను గురించి. ఇంటికి ఎన్ని కిటికీలు ఉంటే అంత పన్ను అన్న ఆ విధానం 1696 నుంచి అమలులో ఉంది. పన్ను భారం తప్పించుకోవడానికి కిటికీలను ఇటుకలతో మూసివేసిన ఇళ్లలో గాలీ వెలుతురూ లేక పేదల ఆరోగ్యం చెడుతోందని వైద్యులు మొత్తుకుంటున్నా, కార్యాలయాలు మాత్రం దాన్ని వదలడానికి సిద్ధపడలేదు. ఆ ఏడాదే పన్ను రద్దయింది.

ఈ విమర్శ సాహిత్యంలో ఆగిపోకుండా ప్రభుత్వాన్ని కూలదోసేంత బలం పుంజుకున్నది క్రిమియా యుద్ధంలో. 1854 శీతాకాలంలో నల్లసముద్ర తీరాన బ్రిటిష్ సైనికులు శత్రువు తూటాల కన్నా ఎక్కువగా జబ్బులతో, చలితో, పోషకాహారం లేక చనిపోయారు. స్కర్వీ వ్యాధి, అంటే తాజా పండ్లూ కూరలూ లేక చిగుళ్లు చీకి రక్తం కారే జబ్బు, సైన్యాన్ని పీడిస్తుండగా దానికి విరుగుడైన నిమ్మరసం డిసెంబరులోనే బలక్లావా రేవుకు చేరింది. సైనికుడి రోజువారీ భత్యం పట్టికలో నిమ్మరసం లేదు కనుక ఫిబ్రవరి దాకా పంచలేదు. కాఫీ వచ్చింది, కానీ వేయించని పచ్చి గింజలుగా వచ్చింది; వేయించుకోవడానికి వంటచెరకు లేదు. స్కుటారి ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ కోరికపై పంపిన 27,000 చొక్కాలు ఓడ దిగిన తరువాత కూడా, అధికారుల సంఘం సమావేశమై పరిశీలించనిదే మూటలు విప్పడానికి వీల్లేదని సరఫరా అధికారి పట్టుబట్టడంతో మూడు వారాలు అలాగే పడి ఉన్నాయని లిటన్ స్ట్రాచీ ఆమె జీవితచిత్రంలో రాశాడు. ఆ మూడు వారాలూ గాయపడినవారు ఒంటిమీద బట్ట లేక వణికారు. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది: ఆ సరఫరా అధికారి దుర్మార్గుడు కాకపోవచ్చు. సరుకును తనిఖీ చేయకుండా విప్పకూడదన్న నిబంధన దొంగతనాన్ని ఆపడానికి పెట్టిందే. నిబంధన దేనికోసం పుట్టిందో మరిచిపోయి, దాన్ని పాటించడమే తన పని అనుకున్న మనిషి చేతిలో అది మనుషులను చంపగలిగింది.

1855 జనవరి చివర పార్లమెంటు ఈ దుస్థితిపై విచారణ కోరుతూ పెద్ద మెజారిటీతో తీర్మానించడంతో ప్రధాని అబర్డీన్ ప్రభువు మంత్రివర్గం కూలిపోయింది. ఆ ఏడాది జూన్ 27న లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలలో పాలనా సంస్కరణల సంఘం సభలో డికెన్స్ ప్రసంగించాడు. ఇంగ్లండు ఖజానాలో శతాబ్దాల పాటు లెక్కలను గాట్లు పెట్టిన కర్రముక్కల మీద ఉంచేవారు. కాగితం, సిరా, అంకగణితం అన్నీ వచ్చిన తరువాత కూడా ఆ ఆచారం 1826 దాకా సాగింది. పోగుపడిన కర్రలను చలి కాచుకోవడానికి పేదలకు ఇచ్చి ఉంటే సరిపోయేది, కానీ వాటిని రహస్యంగా తగలబెట్టాలని నిర్ణయమైంది. 1834 అక్టోబరు 16న ప్రభువుల సభ పొయ్యిలో వేసిన ఆ కర్రల మంట అదుపు తప్పి పార్లమెంటు భవనమే కాలిపోయింది. ఆ సంఘటనను ఆయన సభకు వివరించిన తీరుకు నాటకశాల దద్దరిల్లిందంటారు. ఆ సంవత్సరం చివరి నుంచే వెలువడిన ‘లిటిల్ డారిట్’ నవలలో, ఏ పనినైనా ఎలా చేయకుండా ఉండవచ్చో శాస్త్రంగా అభ్యసించే ఒక ప్రభుత్వ శాఖను ఆయన సృష్టించాడు. నూట డెబ్బై ఏళ్ల తరువాత కూడా కార్యాలయాల మీద అంతకు మించిన విమర్శ ఏ భాషలోనూ రాలేదని చెప్పడం అతిశయోక్తి కాదు.

మద్రాసు దారి

ఇంగ్లండులో ఈ కోపం రగులుతున్న రోజుల్లోనే, దాదాపు పూర్తిగా రాత మీదే నడిచిన ప్రభుత్వం ఒకటి భారతదేశంలో ఉంది. ఈస్టిండియా కంపెనీ తన కింది ఉద్యోగులకు పెట్టిన హోదా పేరే ‘రైటరు’. ఆవిరి ఓడలు రాకముందు కలకత్తా నుంచో మద్రాసు నుంచో లండన్‌కు ఉత్తరం ఆఫ్రికా చుట్టి వెళ్లడానికి నెలలు పట్టేది, జవాబు చేతికందేసరికి ఏడాది దాటేది. అంత దూరం నుంచి ఉద్యోగులను అదుపులో ఉంచాలంటే ప్రతి నిర్ణయాన్నీ, దాని వెనుక కారణాన్నీ కాగితం మీద పెట్టించడం తప్ప కంపెనీ డైరెక్టర్లకు మరో మార్గం లేదు. 1823 నుంచి 1858 దాకా లండన్‌లోని కంపెనీ కార్యాలయంలో ఉద్యోగం చేసిన తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్, భారత ప్రభుత్వ వ్యవహారమంతా రాతలోనే నడవడాన్ని సుపరిపాలనకు గొప్ప రక్షణగా 1852లో ప్రభువుల సభ సంఘం ముందు సమర్థించాడు. డికెన్స్‌కు సంకెలగా కనిపించినది మిల్‌కు కవచంగా కనిపించింది. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన తెలుగు జిల్లాల అనుభవం ఈ రెండింటినీ ఒకేసారి చూపిస్తుంది. కంపెనీకి ముందూ, తరువాత చాలాకాలమూ, గ్రామపు భూమి లెక్కలు కరణం చేతిలో ఉండేవి. తాటాకుల మీద గంటంతో రాసి, చిల్లులు పొడిచి, తాడుతో కట్టిన ఆ కవిలె కట్టలు కరణం ఇంట్లోనే ఉండేవి. ఏ పొలం ఎవరిది, శిస్తు ఎంత, బకాయి ఎంత అన్నది తెలుసుకోవాలంటే రైతు ఆయన గడప తొక్కవలసిందే. వంశపారంపర్యంగా సాగిన ఆ ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌లో 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రద్దు చేసేదాకా ఏదో ఒక రూపంలో నిలిచింది. దస్త్రం కార్యాలయంలో కాక ఒక మనిషి ఇంట్లో ఉంటే ఏమవుతుందో చూసిన పల్లెలకు, పట్టీ కట్టి బీరువాలో పెట్టిన దస్త్రం విలువ వేరుగా అర్థమవుతుంది. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలం పొలాన్నీ కొలిపించి, రైతు పేర లెక్క రాయించిన పద్ధతి శిస్తు రాబట్టడానికే పుట్టినా, పట్టా అనే కాగితం రైతు చేతికి వచ్చిన దారి కూడా అదే.

డికెన్స్ డ్రూరీ లేన్‌లో మాట్లాడిన 1855లోనే మద్రాసులో మరొక నివేదిక వెలువడింది. శిస్తు వసూలు కోసం కింది ఉద్యోగులు రైతులను హింసిస్తున్నారన్న ఆరోపణలపై నియమితమైన విచారణ సంఘం, ఆ హింస నిజమేనని తేల్చడంతో పాటు, బాధితుడికి న్యాయం అందకపోవడానికి కారణాలనూ నమోదు చేసింది: కలెక్టరు కచేరీ ఉన్న ఊరికి దూరం, ప్రయాణపు ఖర్చు, పనిదినాల నష్టం, తిరిగి వచ్చాక అదే ఉద్యోగి ముఖం చూడాలన్న భయం. లండన్ సంస్కర్తలు అడిగింది పని త్వరగా జరగాలని. ఇక్కడి రైతుకు అంతకుముందు మెట్టు, అంటే తన మాట కాగితం మీదికి ఎక్కడమే, కష్టమైంది. నేడు ప్రతి సోమవారం కలెక్టరేట్లలో జరిగే ప్రజావాణి, అర్జీల స్వీకరణ కార్యక్రమాలకు తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చేవారి వరుసను చూస్తే, దూరం, ఖర్చు, పోయిన కూలి అన్న ఆ మూడు కారణాలూ ఇంకా సజీవంగా ఉన్నాయని తెలుస్తుంది.

బ్రిటిష్ ఉద్యోగ వ్యవస్థను ప్రతిభ ప్రాతిపదికగా మార్చాలంటూ 1854లో ప్రచురితమైన నార్త్‌కోట్–ట్రెవెల్యన్ నివేదిక రచయితల్లో ఒకడైన చార్లెస్ ట్రెవెల్యన్ 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. ఐర్లండు కరువు కాలంలో సహాయ వ్యయాన్ని కఠిన నిబంధనలతో బిగించినందుకు ఆయన పేరు అక్కడ నేటికీ చేదుగానే మిగిలింది. కలకత్తాలోని భారత ప్రభుత్వం ప్రతిపాదించిన ఆదాయపు పన్నును బహిరంగంగా వ్యతిరేకించి, తన అభిప్రాయాన్ని పత్రికలకెక్కించినందుకు 1860లోనే ఆయనను వెనక్కి పిలిపించారు. నిబంధనలు బిగించి ఐర్లండులో అపకీర్తి, వాటిని మీరి మద్రాసులో పదవీచ్యుతి: రెడ్ టేప్ చరిత్ర మొత్తం ఆ ఒక్క జీవితంలో ఇమిడి ఉంది.

భారత కార్యాలయాల్లో ఒక్కొక్క కాగితం మీద గుమాస్తా నుంచి పై అధికారి దాకా వరుసగా అభిప్రాయం రాసే పద్ధతిని ‘నోటింగ్’ అంటారు. 1899లో వైస్రాయిగా వచ్చిన కర్జన్ ఫైళ్ల ప్రదక్షిణను భూమి తిరుగుడుతో పోల్చి విసుక్కుని, నోటింగులను కుదించడానికి ఉత్తర్వులు జారీ చేశాడు. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా కార్యాలయాల్లో ప్రవేశపెట్టిన టాటెన్‌హామ్ పద్ధతి తెలుగు రెవెన్యూ ఉద్యోగులకు ఇప్పటికీ పరీక్షల్లో చదవవలసిన విషయం. వచ్చిన ప్రతి తపాలుకూ ఒక కరెంటు నంబరు, ప్రతి గుమాస్తాకూ ఒక పర్సనల్ రిజిస్టరు, ఫైలు ముగిసినప్పుడు శాశ్వతంగా ఉంచవలసినదా, కొన్నేళ్ల తరువాత తీసివేయవలసినదా అని తెలిపే ఆర్.డిస్, డి.డిస్, ఎల్.డిస్ వంటి ముగింపు గుర్తులు అందులో భాగాలు. బయటివారికి ఇదంతా రెడ్ టేప్‌కు నమూనాగా కనిపించవచ్చు. అసలు ఉద్దేశం అందుకు విరుద్ధం: ఏ కాగితం ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఆగిందో పై అధికారి ఒక్క పేజీలో చూడగలగడానికే పర్సనల్ రిజిస్టరును రూపొందించారు. జాప్యాన్ని పట్టుకోవడానికి కనిపెట్టిన సాధనమే, రిజిస్టరు నింపడం పనికి ప్రత్యామ్నాయమైనప్పుడు, జాప్యానికి ముసుగైంది.

తెంచిన పట్టీలు

స్వాతంత్ర్యానంతరం ఈ మాట ఆర్థికరంగంలోకి ప్రవేశించింది. 1951 నాటి పరిశ్రమల చట్టం కింద కర్మాగారం పెట్టాలన్నా, విస్తరించాలన్నా, కొత్త సరుకు తయారు చేయాలన్నా ఢిల్లీ లైసెన్సు కావాలి. దీనికి ‘పర్మిట్ లైసెన్సు రాజ్’ అని పేరుపెట్టిన రాజగోపాలాచారి 1959లో స్థాపించిన స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షుడు గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన రైతు నాయకుడు ఎన్.జి. రంగా. 1991 జూలై 24న పద్దెనిమిది పరిశ్రమలు మినహా మిగిలినవాటికి లైసెన్సు అవసరం తొలగించిన ప్రకటన వచ్చినప్పుడు ప్రధాని పి.వి. నరసింహారావు పరిశ్రమల శాఖను తన వద్దే ఉంచుకున్నారు. తెలంగాణ 2014లో తెచ్చిన టీఎస్ ఐపాస్ చట్టం, గడువులోగా ప్రభుత్వం జవాబివ్వకపోతే అనుమతి లభించినట్టే పరిగణించే దాకా వెళ్లింది. ఈ మార్పుల్లో మేలు ఉంది, దాన్ని కాదనడం అన్యాయం.

కానీ ‘రెడ్ టేప్’ అన్న ముద్ర ఒకసారి పడితే, దాని కింద ఏ నిబంధన ఉందో ఎవరూ విప్పి చూడరు. అనవసరమైన మూడు నకళ్లు అడిగే నిబంధనకూ, మంట అంటుకోని పలకలే భవనానికి బిగించాలన్న నిబంధనకూ ఒకే పేరు పడుతుంది. బ్రిటన్‌లో డేవిడ్ కామెరాన్ ప్రభుత్వం 2011లో రెడ్ టేప్‌పై యుద్ధం ప్రకటించి, ఒక కొత్త నిబంధన తెస్తే ఒక పాతది, తరువాత రెండు పాతవి, తీసివేయాలన్న సూత్రాన్ని పెట్టుకుంది. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే నివాస భవనం బయటి పలకలు అంటుకుని కాలిపోగా 72 మంది చనిపోయారు. 2024 సెప్టెంబరులో వెలువడిన విచారణ తుది నివేదిక, నిబంధనల తగ్గింపు కార్యక్రమం భవన నిబంధనలను చూసే ప్రభుత్వ శాఖ ఆలోచనను ఎంతగా ఆక్రమించిందంటే ప్రాణరక్షణకు సంబంధించిన విషయాలు కూడా విస్మరణకు, జాప్యానికి గురయ్యాయని స్పష్టంగా చెప్పింది.

తెలుగు నేల మీదా అటువంటి దుర్ఘటన జరిగింది. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి నిద్రపోతున్న కాలనీల మీదికి పాకి పన్నెండు మందిని బలి తీసుకుంది. చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేకుండానే ఆ కర్మాగారం ఉత్పత్తి సాగించిందన్నది తరువాత వెల్లడైంది. పరిశ్రమల భాషలో ఆ అనుమతి పొందే ప్రక్రియను రెడ్ టేప్ అనే అంటారు. అమెరికన్ రాజనీతి శాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ కాఫ్‌మన్ 1977లో ఇదే పేరుతో రాసిన పుస్తకంలో ఒకరికి రెడ్ టేప్ అనిపించేది మరొకరికి ప్రాణప్రదమైన రక్షణ కావచ్చునని వాదించాడు. ఆ వాదన గ్రంథాలయానికే పరిమితమైనది కాదని వెంకటాపురం వాసులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

దీనికి ఎదురుగా మరొక పుస్తకాన్ని కూడా ఉంచాలి. మానవశాస్త్రవేత్త అఖిల్ గుప్తా 2012లో ప్రచురించిన ‘రెడ్ టేప్’, ఉత్తరప్రదేశ్‌లో ఆయన జరిపిన క్షేత్ర పరిశోధన ఫలితం. పేదల కోసం పథకాలున్నాయి, నిధులున్నాయి, కొన్నిచోట్ల సానుభూతి గల అధికారులూ ఉన్నారు. అయినా ఎవరికి పింఛను అందుతుంది, ఎవరికి అందదు అన్నది రాతపనిలోని యాదృచ్ఛికత నిర్ణయిస్తుంది, ఆ యాదృచ్ఛికత వల్ల పోయే ప్రాణాలు ఎవరి ఖాతాలోనూ పడవు అన్నది ఆయన వాదన. పరిశ్రమాధిపతికి రెడ్ టేప్ అంటే వడ్డీ నష్టం. పుట్టిన తేదీ రుజువు లేని ముసలామెకు అదే రెడ్ టేప్ అంటే నెలవారీ బియ్యం పోవడం. మొదటివారి ఫిర్యాదు మంత్రివర్గ సమావేశం దాకా వెళ్తుంది, రెండవవారిది గ్రామ సచివాలయం గుమ్మం దగ్గర ఆగిపోతుంది. నిబంధనలను తగ్గించడానికి జరిగిన ప్రయత్నాల్లో అత్యధికం మొదటివారి వైపు నుంచే మొదలుకావడం యాదృచ్ఛికం కాదు.

ఇప్పుడు పట్టీ లేదు, అట్ట ఫైలూ తగ్గుతోంది. 2011లో మొదలైన మీసేవ కేంద్రాలూ, ఈ–ఆఫీసు వ్యవస్థా, 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ 161 సేవలతో ప్రారంభించిన ‘మన మిత్ర’ వాట్సాప్ ఏర్పాటూ కాగితాన్ని తెరమీదికి మార్చాయి. కార్యాలయాల భాష కూడా మారింది: ఒకప్పుడు ‘ఫైలు సారు టేబుల్ మీద ఉంది’ అన్న గుమాస్తా నేడు ‘సారు లాగిన్‌లో ఉంది’ అంటున్నాడు. టేబుల్ మీది ఫైలును వరండాలోంచి తొంగి చూసైనా గుర్తుపట్టవచ్చు, లాగిన్‌లోనిది కనిపించదు. అయితే దరఖాస్తు ఏ లాగిన్‌లోకి ఏ నిమిషాన వచ్చిందో, ఎన్నాళ్లు కదలకుండా ఉందో యంత్రం తనంతట తానే నమోదు చేస్తుంది; ఏ గుమాస్తా నింపనవసరం లేని పర్సనల్ రిజిస్టరు అది. 2005 సమాచార హక్కు చట్టం కింద ఫైలు నోటింగులు పౌరుడికి ఇవ్వవలసినవేనని కేంద్ర సమాచార కమిషన్ 2006లో తేల్చింది, అయినా వాటి కోసం పది రూపాయల దరఖాస్తు పెట్టి ముప్పై రోజులు ఎదురుచూడాలి. గడువు మీరితే ఉద్యోగికి జరిమానా విధించే సేవల హామీ చట్టాన్ని మధ్యప్రదేశ్ 2010లోనే తెచ్చింది. లాగిన్ల నమోదును అడగకముందే దరఖాస్తుదారు ఫోనుకు పంపడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. ఎవరి దగ్గర, ఎన్ని రోజులుగా, ఏ కారణంతో అన్న మూడు వివరాలు తెలిస్తే, ఆగిన కాగితాన్ని ఆపినది రక్షణ కోసం పెట్టిన నిబంధనా లేక పక్కన పెట్టిన మనిషా అన్నది దరఖాస్తుదారే తేల్చుకోగలడు.